అన్నవాహిక మీది తెల్ల గింజలు బద్దె పురుగు తిత్తులేనా?

ప్రశ్న: బీవీఎస్సీ పూర్తయ్యాక గేదె మాంసం కబేళాలో ఉద్యోగంలో చేరాను. ఈమధ్య ఒక ముసలి గేదె అన్నవాహిక కండలో వడ్లగింజల్లాంటి తెల్లటివి చాలా కనిపించాయి. బద్దె పురుగు తిత్తులనుకుని కళేబరం ఆపించాను. పని పెద్దాయన "ఇవి రోజూ ఉండేవే మేడమ్" అని నవ్వేశారు. అసలు తిత్తి ఎలా ఉంటుంది? ఎక్కడ, ఎన్ని కోతలు పెట్టి చూడాలి? దొరికితే మాంసాన్ని ఏం చేయాలి? ముట్టుకున్న పనివాళ్లకు ప్రమాదమా? తలకాయలు, గుండెలు కొనేవాళ్లు కోతలు పెట్టొద్దని గొడవ చేస్తున్నారు. వాళ్లకేం చెప్పాలి?
– ఒక పశువైద్యురాలు, హైదరాబాద్ శివారు

సమాధానం: డాక్టర్ గారూ, అనుమానం వచ్చినప్పుడు కళేబరం ఆపించడం సరైన పనే. అయితే మీ వర్ణన చూస్తే అవి బద్దె పురుగు తిత్తులు కాకపోవచ్చు. ముసలి గేదె, అన్నవాహిక కండ, రెండు కొసలూ సన్నబడిన తెల్లటి గింజలు. ఈ మూడూ కలిస్తే ముందుగా అనుకోవాల్సింది సార్కోసిస్టిస్ ఫ్యూసిఫార్మిస్. అది పురుగు కాదు, ఏకకణ జీవి. పిల్లి మలం కలిసిన మేత ద్వారా గేదెకు వస్తుంది. గేదెల్లో మామూలుగా కనబడేదే కాబట్టి మీ పని పెద్దాయన మాటలో నిజముంది. చిక్కేమిటంటే, తెల్లగా ఉన్న ప్రతిదాన్నీ "రోజూ ఉండేదే" అని వదిలేయడం అలవాటైతే, పక్కనే అసలు తిత్తి ఉన్నా కన్ను దాన్ని దాటేస్తుంది.

రెండింటికీ తేడా చాకు మొనతోనే తేలిపోతుంది. ఒక గింజను కండలోంచి విడదీసి అద్దం పలక మీద పెట్టి చీల్చండి. సార్కోసిస్టిస్ అయితే లోపల నీరుండదు, చిక్కటి తెల్లటి ముద్ద వస్తుంది. దాన్ని పలుచగా పూసి జీమ్సా రంగు వేస్తే సూక్ష్మదర్శినిలో అరటిపండు ఆకారంలో కణాలు వేలకొద్దీ కనిపిస్తాయి. ఈ గింజలు మూడు సెంటీమీటర్ల పొడవు దాకా పెరుగుతాయి, బద్దె పురుగు తిత్తి ఒక సెంటీమీటరు దాటడం అరుదు. ఫ్యూసిఫార్మిస్ మనుషులకు అంటదు. కొద్దిగా ఉంటే ఆ భాగం తీసేస్తే చాలు. మరీ ఎక్కువగా ఉంటే, రోగభయం లేకపోయినా అసహ్యంగా ఉంటుంది కాబట్టి ఆ భాగాలను తిరస్కరించాలి. తీసేసిన అన్నవాహికలను మాత్రం ఆవరణలో తిరిగే పిల్లులకు వేయనివ్వకండి, చక్రం మళ్లీ అక్కడే మొదలవుతుంది.

ఇక అసలు తిత్తి. మనిషి చిన్నపేగులో ఉండే టీనియా సాజినేటా అనే బద్దె పురుగుకు ఇది పిల్లదశ. పాఠాల్లో సిస్టిసర్కస్ బోవిస్ అని చదివే ఉంటారు. పెద్ద పురుగు నాలుగు నుంచి పన్నెండు మీటర్ల పొడవుంటుంది. గుడ్లతో నిండిన దాని ముక్కలు మలంతోపాటు, కొన్నిసార్లు వాటంతటవే పాకుతూ బయటికొస్తాయి. ఒక్కో ముక్కలో గుడ్లు వేలల్లో ఉంటాయి. ఆ గుడ్లు పడిన గడ్డినో నీళ్లనో పశువు తీసుకుంటే, పిండాలు పేగు గోడను తొలుచుకుని రక్తంలో కలిసి కండలకు చేరతాయి. రెండు మూడు వారాలకు చుక్కంత తిత్తి కంటికి ఆనుతుంది. పది పన్నెండు వారాలకు అది మనిషికి అంటగలిగే స్థితికి వస్తుంది. అప్పుడు కోలగా, ఆరు నుంచి పది మిల్లీమీటర్ల పొడవుతో, పలుచని పొరలో నిర్మలమైన నీటితో కనిపిస్తుంది. లోపల ఒక పక్కన ఒకే ఒక తెల్ల చుక్క ఉంటుంది. అదే పురుగు తల. ఆ చుక్కను పట్టుకోగలిగితే సగం నిర్ధారణ అయినట్టే.

కానీ కబేళాలో మీకు ఎక్కువగా దొరికేవి ఇంత ముచ్చటగా ఉండవు. పశువు శరీరం వాటిని చంపుతూనే ఉంటుంది. చచ్చిన తిత్తిలో ముందు నీరు మసకబారుతుంది, తర్వాత పసుపు లేదా ఆకుపచ్చ ఛాయతో ముద్దగా మారుతుంది, చివరికి సున్నం పట్టి గట్టిపడుతుంది. చాకు దాని మీదుగా వెళ్తే కరకరమంటుంది. గుండెలోవి మిగతా కండల్లోవాటికంటే తొందరగా ఈ స్థితికి వస్తాయి. చాలామంది వీటిని "ఏదో పాత గింజ" అని గీకి పారేస్తారు. అది తప్పు. గుండెలో చచ్చిన తిత్తి ఉందంటే ఆ పశువు గుడ్లు మింగిందని రుజువు. అదే పశువు భుజంలోనో తొడలోనో ఉన్న తిత్తి ఇంకా బతికే ఉండొచ్చు.

గేదెలతో ఇంకో ఇబ్బంది ఉంది. ఆవు కొవ్వులో పసుపు ఛాయ ఉంటుంది, గేదె కొవ్వు తెల్లగా ఉంటుంది. ముదురు ఎరుపు కండ మధ్య చిక్కుకున్న చిన్న కొవ్వు ముక్క దూరం నుంచి అచ్చం తిత్తిలాగే కనబడుతుంది. వేలితో నొక్కితే కొవ్వు చదునై అంటుకుంటుంది. బతికున్న తిత్తి జారుతుంది, పక్క కండను కాస్త కోసి వత్తితే తన గూట్లోంచి మొత్తంగా బయటికి దూకుతుంది, వెనక నున్నటి గుంట మిగులుతుంది. కొవ్వుకు అలాంటి గుంట ఉండదు. సూదిమందు వేసిన చోట కట్టిన గడ్డలు, చిన్న చీము పొక్కులు కూడా మోసం చేస్తాయి. కాకపోతే సూది గడ్డలు సాధారణంగా మెడలోనో తొడలోనో ఒక్కచోటే ఉంటాయి. కాలేయం, ఊపిరితిత్తుల్లోని పెద్ద నీటి బుడగలు హైడాటిడ్‌వి. అది వేరే పురుగు, దాని కథ కింద చెబుతాం.

ఎక్కడ కోయాలన్నది తలతో మొదలుపెడదాం. నాలుకను మొదట విడిపించి కిందికి వేలాడదీయాలి, లేకపోతే లోపలి దవడ కండ కనబడదు. బయటి దవడ కండ మాసెటర్‌కు రెండు కోతలు, రెండూ దవడ ఎముకకు సమాంతరంగా. దవడ కింది అంచు దగ్గర మొదలుపెట్టి, కండ పైన అతుక్కునే చోటు దాకా ఒకే లాగులో తేవాలి. మొదటి కోత పైపొరలో, రెండోది దానికంటే లోతుగా ఎముకకు దగ్గరగా. తర్వాత లోపలి కండ టెరిగాయిడ్‌కు ఒక కోత, అదీ ఎముకకు సమాంతరంగానే. ఇలా రెండు వైపులా. సమాంతరంగానే ఎందుకంటే, ఆ దిశలో ఒక కోతకు బయటపడే కండ వైశాల్యం ఎక్కువ. అడ్డంగా నాలుగు గాట్లు పెట్టినా అంత కండ కనబడదు, పైగా మాంసం పాడైందని కొనేవాడు గోల పెడతాడు.

కోయడంతో పని అయిపోదు. కోసిన పొరను ఎడమచేతి కొక్కెంతో పూర్తిగా తెరిచి, రెండు ముఖాలూ చూడాలి. తిత్తి చాకుకు ఏ పక్కన మిగులుతుందో మీకు తెలియదు. లైను వేగంలో చేయి కోత పెట్టేసి తర్వాతి తలకు వెళ్లిపోతుంది, కన్ను ఇంకా మొదటి తల మీదే ఉంటుంది. తిత్తులు తప్పించుకునేది ఎక్కువగా ఇక్కడే.

నాలుకను చూసి, మొదలు నుంచి కొస దాకా వేళ్ల మధ్య నొక్కుకుంటూ పోవాలి. ఏదైనా తగిలితే కింది వైపు నుంచే పొడవుగా కోయండి, పైభాగం చెడదు. గుండె పైపొర తెరిచి ముందు బయటంతా చూడాలి. ఆ తర్వాత పైనుంచి మొన దాకా నిలువునా ఒక కోత పెట్టి, రెండు జఠరికలూ తెరుచుకుని మధ్య గోడ కూడా తెగేలా చేయాలి. ఎడమ గది మాత్రమే తెరిచి వదిలేయడం తరచుగా జరిగే పొరపాటు. మధ్య గోడ మందమైన కండ, దాన్ని కోయకపోతే గుండెను చూసినట్టు కాదు. అనుమానం ఉంటే గుండెను తిరగేసి లోపలి నుంచి అర సెంటీమీటరు ఎడంతో పలుచగా గాట్లు పెట్టండి. ఒక్కచోటే అదనపు శ్రమ పెట్టే వీలుంటే అది గుండెకే పెట్టమంటాం. అదనపు కోతల వల్ల ఎక్కువ తిత్తులు బయటపడేది అక్కడే. ఛాతీకి, పొట్టకు మధ్య అడ్డుగా ఉండే కండ డయాఫ్రమ్‌కు రెండు వైపులా చూసి, వెన్నెముక దగ్గరి మందమైన స్తంభాలను పొర ఒలిచి తడమాలి. అన్నవాహికను శ్వాసనాళం నుంచి విడదీసి చూడాలి, గేదెల్లో అక్కడ సార్కోసిస్టిస్‌తో తికమకపడకుండా. కళేబరాన్ని రెండుగా చీల్చాక బయటపడిన పక్కటెముకల మధ్య కండలు, మెడ, పొట్ట గోడ కళ్లతో చూస్తే చాలు. కెన్యాలోను, మరికొన్ని ఆఫ్రికా దేశాల్లోను ముందుకాలి ట్రైసెప్స్ కండకు కూడా మామూలుగానే కోతలు పెడతారు. మన దగ్గర ఒక తిత్తి దొరికాక మాత్రమే పెట్టినా సరిపోతుంది.

చాకు గురించి రెండు మాటలు. మొద్దు చాకు కండను కోయదు, చింపుతుంది. తిత్తి పగిలి నీరు కండ తడిలో కలిసిపోతుంది, మిగిలిన పలుచని పొరను ఎవరూ గుర్తుపట్టలేరు. అందుకే రెండు చాకులు పెట్టుకుని, ఒకటి వాడుతుండగా రెండోది 82 డిగ్రీల వేడి నీళ్లలో ఉండేలా చూసుకోండి. తనిఖీ చోట వెలుతురు 540 లక్స్‌కు తగ్గకూడదు. అది కూడా మీ వెనక నుంచి కాకుండా పైనుంచి, పక్కనుంచి పడాలి. వెనక దీపం ఉంటే మీ నీడే కోత మీద పడుతుంది. తల రక్తంతో ఉంటే నీళ్లతో కడిగించండి. గుడ్డతో తుడిస్తే ఒక తల మీది మురికి పది తలలకు పాకుతుంది.

ఇన్ని చేసినా ఒక సంగతి ఒప్పుకోవాలి. తిత్తులు కొద్దిగా ఉన్న కళేబరాన్ని ఈ కోతలు చాలాసార్లు పట్టుకోలేవు. వందల కిలోల కండలో మీరు చూసేది కొన్ని అరచేతులంత వైశాల్యం. బెల్జియంలో 1,164 పశువులను పరిశీలించి 2000లో ప్రచురించిన అధ్యయనంలో, మామూలు తనిఖీకి దొరికినవి 0.26 శాతం, బతికున్న తిత్తులు రక్తంలోకి వదిలే పదార్థం (యాంటిజెన్) కోసం చేసిన ఎలీసా అనే రక్త పరీక్షకు దొరికినవి 3.09 శాతం. కాబట్టి "మా దగ్గర లేదు" అని రిపోర్టులో రాయకండి, "తనిఖీలో కనబడలేదు" అని రాయండి. వధకు ముందు పరీక్షలోనూ ఆధారం దొరకదు. తిత్తులున్న పశువు సాధారణంగా ఆరోగ్యంగానే నడిచి వస్తుంది.

దొరికిందనుకోండి. మొదట చేయాల్సింది ఆ పశువు తల, గుండె, ఇతర అవయవాలు, కళేబరం అన్నీ ఒకచోట ఆపడం. ఇందుకు ముందునుంచే వాటన్నిటికీ ఒకే నంబరు ఉండాలి. తలలు ఒక గుట్టగా, గుండెలు ఇంకో తొట్టిలో పడే కబేళాలో తలలో తిత్తి దొరికినా ప్రయోజనం లేదు, ఆ మొండెం అప్పటికే బండెక్కి ఉంటుంది. మీ దగ్గర నంబర్ల పద్ధతి లేకపోతే, కోతల కంటే ముందు దాన్ని సరిచేయించండి.

నిర్ధారణకు తిత్తిని పగలకుండా తీసి, సగం పిత్తం, సగం సెలైన్ కలిపిన ద్రవంలో 37 డిగ్రీల దగ్గర ఉంచండి. అదే పశువు పిత్తాశయం నుంచి తీసిన పిత్తం పనికొస్తుంది. బతికుంటే కొన్ని గంటల్లో తల బయటికి పొడుచుకువస్తుంది. దాన్ని రెండు అద్దం పలకల మధ్య నొక్కి చిన్న లెన్సులో చూస్తే నాలుగు చూషకాలు కనిపిస్తాయి, కొక్కేలు ఉండవు. పంది మాంసంలోని టీనియా సోలియం తిత్తికైతే కొక్కేల వలయం ఉంటుంది. సున్నం పట్టినదాన్ని ఇలా తేల్చలేం, ల్యాబుకు పంపాలి. ముక్కను రెండుగా చేసి ఒకదాన్ని కణజాల పరీక్ష కోసం పది శాతం ఫార్మలిన్‌లో, రెండోదాన్ని పీసీఆర్ (జన్యు పరీక్ష) కోసం ఆల్కహాల్‌లో వేయండి. అంతా ఫార్మలిన్‌లో వేసి పీసీఆర్ అడిగితే ల్యాబు వాళ్లకు పని కష్టమవుతుంది.

మాంసం మీద నిర్ణయానికి మీ సంస్థ రాతపూర్వక విధానం, ఎగుమతి అయితే కొనే దేశం షరతులు ప్రమాణం. స్థూలంగా సూత్రం ఒకటే. ఒళ్లంతా పాకి ఉంటే మొత్తం తిరస్కరణ. ఒకటి రెండు చోట్లే ఉంటే ఆ భాగాలు తీసేసి, మిగతాది గడ్డకట్టించి లేదా ఉడికించి వదలడం. "పాకింది" అని ఎప్పుడంటారో అమెరికా నిబంధన స్పష్టంగా చెబుతుంది. గుండె, డయాఫ్రమ్, దవడ కండలు, అన్నవాహిక, నాలుక వంటి మామూలు తనిఖీ చోట్లలో కనీసం రెండింట్లో తిత్తులుండాలి. దాంతోపాటు తొడలకు అడ్డంగా, మోచేతి మొనకు ఐదు నుంచి ఏడు సెంటీమీటర్ల పైన ముందుకాళ్లకు అడ్డంగా పెట్టిన అదనపు కోతల్లోనూ కనీసం రెండు చోట్ల కనబడాలి. మీకు వేరే కొలమానం లేకపోతే ఇది వాడుకోదగ్గదే. యూరోపియన్ యూనియన్ 2019/627 నిబంధన కూడా, తిత్తులు అంతటా పాకనప్పుడు, అవి లేని భాగాలను శీతల చికిత్స తర్వాతే వదలమంటుంది.

గడ్డకట్టించే లెక్కలు ఇవి. బ్రిటన్ పద్ధతిలో మైనస్ ఏడు డిగ్రీలు లేదా అంతకంటే చల్లగా మూడు వారాలు, లేదా మైనస్ పది లేదా అంతకంటే చల్లగా రెండు వారాలు. అమెరికాలో మైనస్ 9.4 డిగ్రీల దగ్గర పది రోజులు, ఎముకలు తీసి పెట్టెల్లో నింపిన మాంసానికైతే ఇరవై రోజులు. పెట్టె మధ్యకు చలి చేరడానికి పట్టే సమయమే ఆ తేడా. వేడి అయితే ముక్క లోపలి దాకా 60 డిగ్రీలు. మామూలు ఫ్రిజ్ చలి, సున్నా నుంచి నాలుగు డిగ్రీలు, తిత్తిని చంపదు. మున్సిపల్ కబేళాల్లో తెల్లవారుజామున కోసింది పొద్దెక్కేలోగా అమ్ముడవుతుంది. ఉష్ణోగ్రత నమోదయ్యే ఫ్రీజరు, తాళం, తాళంచెవి మీ చేతిలో లేని చోట "గడ్డకట్టించి వదులుతాం" అన్న హామీని మేమైతే నమ్మం. అలాంటప్పుడు తిరస్కరించడమే మేలు.

పనివాళ్ల విషయానికి వద్దాం. కండలోని తిత్తిని ముట్టుకుంటే ఏమీ కాదు, పచ్చిగానో సగం ఉడికిన మాంసంతోనో మింగితేనే పురుగు అవుతుంది. సాజినేటా గుడ్లు మనిషి శరీరంలో తిత్తులు కట్టవు, మెదడుకు ఎక్కేది పంది బద్దె పురుగు. ఈ రెండింటినీ కలిపి భయపెట్టేవాళ్లు మీ కబేళాలోనూ ఉంటారు. బాగా ఉడికిన కూరతో, బిర్యానీతో భయం లేదు. లోపల ఎర్రగా ఉండగానే దించే కబాబు, మసాలా సరిపోయిందో లేదోనని నాలుక మీద వేసుకునే పచ్చి కైమా అసలు దారులు. లోదుస్తుల్లో కదిలే తెల్లటి బద్దె ముక్కలు ఎవరైనా చూశామంటే డాక్టరు దగ్గరికి పంపండి. ప్రాజిక్వాంటెల్ లేదా నిక్లోసమైడ్ ఒక మోతాదుతో నయమవుతుంది. కానీ షాపులో కొని మింగమనకండి. మెదడులో పంది పురుగు తిత్తులు దాగి ఉన్న మనిషికి ప్రాజిక్వాంటెల్ ఇస్తే మూర్ఛ వచ్చే ప్రమాదం ఉంది.

హైడాటిడ్ దీనికి పూర్తిగా ఉల్టా. ఆ నీటి బుడగలున్న ఊపిరితిత్తులను కుక్కలకు వేస్తే కుక్క పేగులో పురుగులు పెరిగి, వాటి గుడ్లు మనుషులకు అంటి కాలేయంలో బుడగలు కడతాయి. కాబట్టి గోతిలో పూడ్చడమో, వ్యర్థాలను ఉడికించి కరిగించే రెండరింగ్ ప్లాంటుకు పంపడమో రెండింటికీ చేయండి, కుక్కల మీద నిఘా మాత్రం హైడాటిడ్ కోసం పెట్టండి.

మూలాన్ని వెతకాలంటే మనిషి మలం పశువు నోటికి ఎక్కడ చేరిందో చూడాలి. హైదరాబాద్‌లో మూసీ మురుగునీటితో పెంచే పారా గడ్డి డెయిరీ గేదెలకు మేత. మామూలు మురుగు శుద్ధి కూడా ఈ గుడ్లను నమ్మకంగా తొలగించదు. ఒకే డెయిరీ నుంచో, ఒకే సంత నుంచో వచ్చిన పశువుల్లో వరసగా తిత్తులు కనబడితే ముందు వాటి మేతను, పాకల్లో మరుగుదొడ్డి ఉందా లేదా అన్నదాన్ని అడగండి. దీనికోసం రిజిస్టరులో పశువు నంబరు, వచ్చిన చోటు, వయసు, తిత్తి ఎక్కడ, ఎన్ని, బతికినదా చచ్చినదా, ఏం నిర్ణయించారు అన్న గళ్లు ఉంటే చాలు.

చివరగా తలకాయల వాళ్ల గొడవ. వాళ్ల బాధ అర్థం లేనిది కాదు, చింపిన దవడకు, తునకలైన గుండెకు రేటు పడిపోతుంది. సమాంతరంగా పెట్టిన శుభ్రమైన కోత తర్వాత పొర ఒక అంచున అతుక్కునే ఉంటుంది, మూసేస్తే తల ఆకారం చెడదు. ఒక పూట వాళ్లను పక్కన నిలబెట్టి చూపించండి. వేగం పెంచమని యాజమాన్యం ఒత్తిడి చేస్తే, జంతు హింస నిరోధక వధశాలల నిబంధనలు, 2001 ముందు పెట్టండి. ఒక పశువైద్యుడు గంటకు 12, రోజుకు 96 పశువులకు మించి పరీక్షించకూడదని అందులో ఉంది. అది వధకు ముందు పరీక్ష గురించి రాసిన లెక్కే, కానీ లైను మీద ఎంతమంది పశువైద్యులు కావాలని అడగడానికి మీ చేతిలో ఉన్న గట్టి కాగితం అదే.